బొక్కలు ఏరేసిన కూర

అక్క కొడుకు పుట్టువెంట్రుకల నాడు విందుకు యాటను, అంటే మేకపోతును, కోస్తూ కాళ్లు పట్టుకోమని నన్ను పిలిచారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు; చదువు ముగించి ఊళ్లోనే ఉంటున్నాను. పట్టుకున్నాను. కత్తి పడేముందు అది నా చేతి చెమటను నాకింది, ఉప్పు కోసం.  ఆ పూట నుంచి నేను మాంసం ముట్టలేదు.

అవి డెబ్బైల నాటి రోజులు. బాన్సువాడ పక్క ఊళ్లో వరి, చెరకు పండించే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో వయసు పిల్లగాడు మాంసం మానేశాడంటే రోగమన్నా ఉండాలి, మొక్కన్నా ఉండాలి.

"ఏందిరా, కడుపుల నొస్తుందా? దవాఖానకు పోదాం నడువు," అంది అమ్మ.

"నొప్పేం లేదమ్మా. చంపుడు నాకు నచ్చుతలేదు."

"గట్లనా! ఇంతకూ ఏ దేవునికి మొక్కినవ్?"

వర్ని నుంచి బావ వచ్చిన ప్రతిసారీ, "బియ్యంల పానం లేదా బామ్మర్దీ?" అని మొదలుపెట్టేవాడు. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో దోస్తులేమో, పోయి పులికి చెప్పుమనేవాళ్లు. చెప్పిందే చెప్పి నోరు నొచ్చేది. గంటసేపు విని, తలూపి, ఆఖరికి అడిగేవాళ్లు: "సరే గానీ, కోడిగుడ్డు తింటవు గదా?"

ఏడాది గడిచింది. ఒక ఆదివారం సొరకాయ కూర మహా రుచిగా ఉందని మళ్లీ వేయించుకున్నాను. పంటికింద ఏదో కటుక్కుమంది. తీసి చూస్తే ఎముక, సన్న బొక్క.

"గిదేందమ్మా?"

అమ్మ ఏమాత్రం తడబడలేదు. "ముక్కలు, బొక్కలు అన్నీ ఏరేసిన గదరా. ఒట్టి పులుసే."

"ఎన్నొద్దుల సంది?"

"ఆయితారం ఆయితారం పోస్తున్న. సన్నబడుతున్నవని భయమైంది."

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. అమ్మ కంచం పక్కకు నెట్టి పొయ్యి దగ్గర కూర్చుంది. తింటున్న బాపు తలెత్తాడు.

"యాటను చూస్తే నీకు పానం గుంజుతది. మొన్న చెరకు బండి కాలువ గట్టు ఎక్కకపోతే ఎడ్లను ముల్లుగర్రతోని పొడిచిందెవరు? నేనా?"

 

మర్నాటి నుంచి అమ్మ నా కూరకు వేరే గిన్నె పెట్టింది. నేను ముల్లుగర్ర కొసకున్న ఇనుప మొలను పీకేశాను.

మళ్లీ చెరకు కొట్టిన రోజు, అదే గట్టు మీద ఎడ్లు సగంలో నిలబడిపోయాయి. వెనక నాలుగు బండ్లు ఆగాయి. "పొడువురా, ఏం చూస్తున్నవ్!" అని ఒకటే కేకలు. నేను బండెక్కి చెరకు మోపులను ఒక్కొక్కటే కిందికి తోశాను. బరువు తగ్గాక ఎడ్లు వాటంతటవే ఎక్కాయి.

బాపు గట్టు దిగి వచ్చాడు. కర్ర తీసుకుని, కొసను వేలితో తడిమి చూశాడు. కొడతాడనుకున్నాను. తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, "ఎత్తు," అన్నాడు.

మోపు ఎత్తాను. ఇంకో మోపు నేను కావలించుకుని వెనకాలే నడిచాను. గట్టు ఎక్కినంతసేపూ నన్నూ, నా చదువునూ తిడుతూనే ఉన్నాడు. అట్లా ఐదుసార్లు తిరిగాం. పైకి చేరి, నడుం పట్టుకుని, "రేపటి సంది బండికి మోపులు తక్కువ ఎత్తు," అన్నాడు.