మొదటి పాట దాటని క్యాసెట్

మణిశంకర్ మాస్టారికి కాలు ఒకచోట నిలవడం లేదు. తొంభై ఏడులో ఆయన క్యాసెట్ విడుదలై అప్పటికి నెల దాటింది. విడుదలంటే సభ, దండలు అనుకునేరు! కొవ్వూరులో సొంత గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పాడి టేపు చేసుకున్నాడు. వంతెన మీద రైలు వచ్చినప్పుడల్లా ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. రాజమండ్రిలో కాపీలు తీయించి, సంచిలో వేసుకుని క్యాసెట్ల కొట్లన్నిటికీ తిరుగుతూ పంచాడు. అదీ విడుదల.

పాటలన్నీ ఆయన రాసినవే. వరదకు మునిగిన లంక పొగాకు మీద ఒకటి, రేవులో బట్టలుతికేవాళ్ల మీద ఒకటి, ఆఖరి బస్సు తప్పిపోయిన కొత్త పెళ్లికొడుకు మీద ఒకటి. సినిమావాళ్లు పిలుస్తారన్న భ్రమేమీ లేదు. తనను ఎరగని మనిషి ఒక్కరైనా "ఆ పాట మళ్లీ వెయ్యి" అంటే చాలు. ఆ ఒక్క ఆశ ఆయన్ను కుదురుగా అన్నం తిననివ్వడం లేదు.

"ఆ నాలుగు ముద్దలూ తిని వెళ్లండి. క్యాసెట్లకేమన్నా కాళ్లొచ్చి పారిపోతాయా?" అనేది భార్య శ్యామలాంబ.

"పారిపోతే అంతకన్నానా!" అని సగం విస్తట్లోంచే లేచేవాడు.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందంటే, వినాయకుణ్ణి తలుచుకోకుండా మనం ఏ పనీ మొదలుపెట్టం కదా. మాస్టారూ అంతే, ముందు గణపతి ప్రార్థన పెట్టాడు. ఆ పూట ఆయన గొంతు జీరపోతే, "ప్రార్థనే కదా, నువ్వు పాడేయవే" అని శ్యామలాంబను పిలిచాడు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, పాడేసి, వెళ్లి పులుసు దించుకుంది.

కొట్లవాళ్లు ఏ క్యాసెట్టయినా మొదట్లో కాస్త విని ఏదో ఒక అరలో పడేస్తారు. అలా లంక పొగాకూ, రేవూ, కొత్త పెళ్లికొడుకూ కట్టకట్టుకుని భక్తి అరలోకి వెళ్లి సుప్రభాతాల మధ్య కూర్చున్నాయి. మాస్టారు వెళ్లి తీసి జానపదాల్లో పెట్టేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ భక్తిలోకే. "ప్రార్థన ఉంది కదండీ మరి!" అనేవాళ్లు. ఒళ్లు మండేది. కానీ ఎవరినని తిడతాడు, వినాయకుణ్ణా?

ఒక ఆదివారం సంచీ భుజాన వేసుకుని పిఠాపురంలో కొట్ల వెంట తిరుగుతుంటే, ఒక పెళ్లిపందిరి మైకులోంచి శ్యామలాంబ గొంతు వినిపించింది. మాస్టారు పందిరి బయటే ఆగి చెవి ఒగ్గాడు. ప్రార్థన అయింది. వరద పాట హార్మోనియం ఎత్తుకుంది. టక్కున ఆగిపోయింది. సన్నాయి క్యాసెట్ మొదలైంది.

మాస్టారు మైకుసెట్టు నడిపే అబ్బులు దగ్గరికి విసురుగా వెళ్లాడు. "ఆపేశావేంటయ్యా?"

"తర్వాత ఎవరో మగాయనండి. వరదలూ మునగడాలూనూ. పెళ్లిలో బాగోదు కదండీ. ప్రార్థన మాత్రం అమ్మగారు ఎంత బాగా పాడారండీ! ఏ పందిట్లోనైనా ముందు ఇదే వేస్తానండి."

"ఆ మగాయన్ని నేనే."

అబ్బులు గబుక్కున లేచి నిలబడ్డాడు. "అయ్యబాబోయ్, తప్పయిపోయిందండి," అంటూ సన్నాయి తీసేసి వరద పాట పెట్టాడు.

మాస్టారు పందిట్లోకి చూశాడు. ఉప్మా తింటున్నవాళ్లు తింటూనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు. పాట సగంలో ఉండగా కుర్చీలోంచి ఒక ముసలావిడ కేకేసింది.

"అబ్బులూ, ఇందాకటి ఆ అమ్మాయి పాట మళ్లీ వెయ్యి నాయనా. ప్రాణానికి హాయిగా ఉంది."

అబ్బులు బిక్కమొహం వేసుకుని మాస్టారి వంక చూశాడు. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడవలేదు. తానే వంగి, తన పాట ఆపి, క్యాసెట్ వెనక్కి తిప్పాడు. ప్రార్థన మొదలయ్యేసరికి ముసలావిడ కళ్లు మూసుకుంది.

"ఎవరండీ ఆవిడ? అట్ట మీద మీ పేరు తప్ప ఇంకెవరిదీ లేదు కదండీ," అన్నాడు అబ్బులు.

"మా ఆవిడే. శ్యామలాంబ. పేరు వేయించడం మర్చిపోయాను."

మర్చిపోవడం కాదు. అసలు తోచనే లేదు.