ప్రోటాను పెట్టెకు దిష్టి

ఆ రోజుల్లో నాకు తెలియనిది ప్రపంచంలో ఒక్కటే ఉందనుకునేవాణ్ణి: ప్రోటాను లోపల ఏముందో. (గ్యాసు పొయ్యి వెలిగించడం కూడా రాదని అమ్మ అనేది, అది వేరే సంగతి.) అప్పుడు నేను విశాఖలో పరిశోధక విద్యార్థిని. ప్రోటాన్లను ఎలక్ట్రాన్లతో కొట్టి, చెదిరిన తునకలను బట్టి లోపలి నిర్మాణం తెలుసుకునే ప్రయోగం ఒకటి విదేశంలో జరగబోతోంది. దానికి మా ల్యాబు ఒక పెట్టె పంపాలి. అందులోకి కణం దూరితే చిన్న మెరుపు వస్తుంది, ఆ మెరుపులను లోపలి ట్యూబు లెక్కపెడుతుంది. కాబట్టి బయటి వెలుతురు వెంట్రుకవాసి కూడా చొరబడకూడదు. పెట్టె పాసైతే దాంతోపాటు నేనూ వెళ్తాను. లేదంటే ఇంకో ఊరి పెట్టె, ఇంకో ఊరి కుర్రాడు.

పొట్టి కాళ్ల మీద నిలబడే ఆ పెట్టెను చేసింది ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మా మేనమామ కొడుకు, అంటే మా బావ. లోపల నల్ల కాగితం, అతుకుల మీద నల్ల టేపు నేనే అక్కడే కూర్చుని అంటించాను. మర్నాడు పొద్దున బావే ట్రాలీ ఆటోలో తెచ్చి, కిటికీల్లేని మా గదిలో దింపి వెళ్లాడు. ఆకాశం నుంచి ఎప్పుడూ రాలుతుండే కణాలతో పరీక్ష మొదలుపెట్టాను. లెక్క ఒక్కసారిగా ఆకాశానికంటింది! నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. మా గైడు మేడంకు ఫోన్ కొట్టాను.

"మేడం, విశాఖ మీద ఏదో కొత్త కణం రాలుతోంది!"

"కంగారుపడకు, వస్తున్నా," అన్నారావిడ. ఈలోగా పేపర్లో నా ఫొటో ఏ పేజీలో వేస్తారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మేడం వచ్చి కూర్చోబోతుండగా కరెంటు పోయింది. పరికరాలు బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. లెక్క మాత్రం చప్పున పడిపోయింది.

"నీ కొత్త కణం ట్యూబులైటుతో నడుస్తుందా నాయనా?" అన్నారు మేడం చీకట్లోంచి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెలుతురు దూరుతోందన్నమాట! అంత వెలుతురుకి లోపలి ట్యూబు పాడైతే మార్చడానికి ఇంకోటి లేదు, నా ప్రయాణానికి మంగళమే. అన్నీ ఆపి, కరెంటు వచ్చాక పెట్టెను పక్కకి వంచాం. అడుగున చిల్లు, చిల్లులోంచి తీగ, తీగకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ!

"బావా, ఇదేటిది?" అని ఫోన్లో అరిచాను.

"కొత్త మిషను కదా బావ, దిష్టి తగలదేటి? సదువుకున్నోళ్లు నవ్వుతారని నువ్వెళ్లినాక అడుగున కట్టినాను."

"చిల్లెందుకు పెట్టావు?"

"మరి గాల్లో కడతారేటి?"

ఫోన్ పెట్టేశాను. తీగ లాగేసి, లోపలా బయటా టేపు వేసి, దేవుడా అనుకుంటూ స్విచ్చి వేశాను. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. లెక్క మెల్లగా, నీరసంగా, మామూలుగా వచ్చింది. ఎంత అందమైన మామూలు! ట్యూబు బతికింది. "అమ్మయ్య!" అని నేల మీదే చతికిలబడ్డాను. కొత్తది ఏదీ దొరకనందుకు అంత సంబరపడ్డ పరిశోధకుడు ఇంకొకడు ఉండడు. పెట్టె ఓడెక్కింది, నేను విమానం ఎక్కాను.

ఇప్పుడు నా దగ్గరా విద్యార్థులున్నారు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి, "సార్, కొత్తదేదో కనిపిస్తోంది!" అంటారు. ఎక్కడో చిల్లుందని నాకు తెలుసు. కానీ ఆ మొహం చూశాక లైటు ఆర్పి చూడమనడానికి నోరు రాదు.

"ముందు టీ తాగొద్దాం పద," అంటాను.