మల్లమ్మ మంచంకోళ్లు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేదు గనుక మీకు చెప్పడం తేలిక.

ఆలేరు దగ్గరి ఊళ్లో వడ్రంగిని నేను. జనం దొర గడి మీద పడి, ఆ కోటలో కొంత తగలబెట్టిన రోజుల్లో, దొర మనుషులు ఇళ్లలోంచి గుంజుకుపోయిన సామానంతా బయటపడింది. విరిగినవి బాగుచేసి ఎవరివి వాళ్లకు ఇమ్మని, దొర మీద జనాన్ని కూడగట్టిన సంఘంవాళ్లు నాకు అప్పగించారు.

అందులో నాలుగు మంచంకోళ్లు, అంటే మంచం కాళ్లు, ఉన్నాయి. వాటిని కలిపే పట్టెలు లేవు. చూడగానే గొల్ల మల్లమ్మవని తెలిసింది. దొర మనుషులు ఆమె పెనిమిటిని కొట్టి చంపిన నాడే ఆ మంచాన్నీ ఎత్తుకుపోయారు. ఒక్కో కోడు నడుమ ఒక చెక్క ఉంగరం. వేలితో తిప్పితే తిరుగుతుంది, పైకి రాదు, కిందికి పోదు. పాలమూరు దిక్కు పనివాడు చేసిందట. ఎలా ఎక్కించాడు? నానబెట్టి సాగదీశాడా? రెండు ముక్కలు అతికించాడా? రెండు రోజులు అదే ధ్యాస. మూడో రోజు రంపం పట్టాను.

ఒకదాన్ని నిలువునా కోసి చూశాను. అతుకు లేదు. కోడు, ఉంగరం ఒకే మొద్దులోంచి చెక్కి విడదీసినవి. నిజం చెప్పాలా? అప్పుడు మల్లమ్మ నాకు గుర్తుకే రాలేదు. ఎంత సంతోషమేసిందో.

మర్నాడు ఆమె వచ్చింది.

"అన్నా, మా మంచం గిట్ల కనవడ్డదా?"

"గడిల కాలిపోయినట్టున్నది చెల్లె."

"ఒక్క కోడన్న దొరకదా? ఆయన పండుకున్న మంచం. జర సూడరాదా?"

"లేదు."

మూడు ఇచ్చి, నాలుగోది పాడుచేశానని ఒప్పుకోవచ్చు కదా? ఎందుకు ఒప్పుకోలేదు? సంఘం ముందు తలవంచాల్సి వస్తుందని భయం. మిగిలినవాటినీ కోసేశాను. గోడకు చిలకకొయ్యలు, అద్దానికి చట్రం, ఉంగరంతో సహా ఒక దీపపు స్తంభం చేసుకున్నాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటుంటే సిగ్గు లేకుండా పొంగిపోయాను.

పోలీసు చర్య అయిన మరుసటేడు మల్లమ్మ మా ఇంటికొచ్చింది. స్తంభం మీది ఉంగరాన్ని వేలితో తిప్పుతూ చాలాసేపు నిలబడింది.

"నేనే చెక్కిన చెల్లె" అన్నాను. ఆమె అడగలేదు. నేనే అన్నాను.

"మంచిగ చేసినవన్నా" అని వెళ్లిపోయింది.

గుర్తుపట్టిందా? గుర్తుపడితే అలా ఎందుకంది? ఇప్పటికీ తెలియదు. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ తర్వాత ఎన్ని మొద్దులు పాడుచేసినా అలాంటి ఉంగరం నాకు చేతకాలేదు. మల్లమ్మ ఇప్పుడు లేదు. బతికినన్నాళ్లూ నేల మీదే పడుకుంది.

ఆ మంచం కాలిపోలేదు. నేనే కోశాను. చెప్పేశాను, ఇంతే.