ఆయ్ అనవలెను

ఆ రోజుల్లో మా కోనసీమలో కంప్యూటరు అనే మాటని ఎవరూ ఒంటరిగా పలికేవారు కాదు. ముందు 'అదేదో' అని చేర్చేవారు. "రాజోలు ఆడపిల్లల స్కూలుకి అదేదో కంప్యూటరంటండీ, వచ్చిందంట" అని బస్సులో చెప్పుకునేవారు. ఎనభైలు చివరికొచ్చినా సంగతి అలాగే ఉండేది. నేనప్పుడు అమలాపురంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. శుభలేఖల్లో దీర్ఘాలూ, క్రిస్మస్ కరపత్రాల్లో ఒత్తులూ సరిచేస్తూ, తెలుగు భాష మొత్తం నా భుజాల మీదే నిలబడి ఉందని నమ్మే వయసు. (భుజాలు కూడా అప్పుడు అంతంతమాత్రమే.)

ఆ రాజోలు స్కూలుకి మా మేనత్త హెడ్మిస్ట్రెస్. ఆవిడ కొడుకు కాకినాడలో ఇంజనీరింగు చదివేవాడు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి మళ్లీ బిగించలేకపోయిన నాటి నుంచీ మాకందరికీ రేడియో బావ. దాతలెవరో స్కూలుకిచ్చిన ఆ కంప్యూటరు కోసం, మార్కులు ఎక్కిస్తే ప్రోగ్రెస్ రిపోర్టులు అచ్చేసే ప్రోగ్రాము ఒకటి బావ తయారుచేశాడు. "ఇందులో దాపరికం ఏం లేదురా. ఏ స్కూలువాళ్లైనా తీసుకోవచ్చు, లోపలేముందో చూసుకోవచ్చు, బాగుచేసి ఇంకోళ్లకి ఇచ్చుకోవచ్చు" అనేవాడు. "మరి నీ పేరు ఎక్కడ వేస్తావు బావా?" అని అడిగితే, "పేరెందుకురా?" అన్నాడు. బావకి లోకజ్ఞానం తక్కువని అప్పుడే నిర్ణయించుకున్నాను.

దాన్ని ఎలా వాడాలో తెలుగులో చిన్న పుస్తకం కావాలన్నాడు. తను ముతకగా రాసిచ్చిన కాగితాలు నాకప్పగించాడు. చివర్లో కంప్యూటరు, 'ఈ మార్కులు ఉంచమంటారా?' అని అడుగుతుందట. ఉంచాలంటే ఇంగ్లీషు అక్షరం వై నొక్కాలి. అంతా చెరిపేసి కొత్త సంవత్సరం మొదలుపెట్టాలంటే ఇంగ్లీషు 'ఏ' నొక్కాలి. 'వై నొక్కండి' అన్న ముక్క నాకు మరీ మోటుగా తోచింది. అవుననాలంటే మా కోనసీమలో మర్యాదగా 'ఆయ్' అంటాం. యంత్రమైతే మాత్రం, మన గడ్డ మీదకొచ్చాక మన మర్యాద నేర్చుకోవద్దూ? దాన్ని కొట్టేసి, 'అంతట కంప్యూటరు, మార్కులను భద్రపరచమందురా అని అడుగును. అప్పుడు ఆయ్ అనవలెను' అని రాసి, నాలో నేనే మురిసిపోయాను. చెరిపివేత సంగతి అమంగళమని వదిలేశాను. మార్కులు ఇంకో ఫ్లాపీలో కూడా దాచుకోండని బావ రెండుచోట్ల రాస్తే, చెప్పిందే చెప్పడం నా వృత్తికి గిట్టదు కనుక రెండుచోట్లా తీసేశాను. అట్ట మీద నా పేరు, పక్కన బి.ఏ. వేయించాను. బావ అడిగాడని ఆఖరి పేజీలో, 'ఈ పుస్తకం ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, తప్పులుంటే దిద్దుకోవచ్చు' అని కంటికి ఆనని అక్షరాల్లో వేశాను.

"అచ్చుకెళ్లే ముందు, కంప్యూటరు మొహం చూడని వాళ్లెవరి చేతైనా ఓసారి చదివించరా" అన్నాడు బావ. "నేను రాసిన తెలుగు అర్థంకాని వాళ్లుంటారా బావా!" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా దుప్పటి ముసుగు పెట్టుకోవాలనిపిస్తుంది.

స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారికి ఆ పెట్టె మీద మొదటి నుంచీ గురి లేదు. "వార్షికోత్సవం నాడు అందరి ముందూ రిపోర్టులు తీసి చూపించండమ్మా. సవ్యంగా వస్తే పదో తరగతి పిల్లల్ని సాయంత్రాలు నేర్చుకోనిద్దాం. లేకపోతే మనకెందుకండీ ఈ గొడవ" అన్నారు. అత్తయ్య ఒప్పుకున్నారు. పదో తరగతి పిల్లలు అప్పటికే కాగితం మీద కీబోర్డులా అక్షరాల గళ్లు గీసుకుని, వాటి మీద వేళ్లాడించడం మొదలుపెట్టేశారట. కుట్టు టీచరు గారు వారమంతా కూర్చుని స్కూలు మార్కులన్నీ ఎక్కించారు.

బావకి పరీక్షలు, రాలేదు. నేను మాత్రం ఇస్త్రీ చొక్కాతో స్టేజీ మీద కూర్చున్నాను. గ్రంథకర్తనని బంతిపూల దండ కూడా వేశారు. కుట్టు టీచరు గారు ఒక చేత్తో నా పుస్తకం పట్టుకుని, మైకు ముందు చదువుతూ, చదివిందల్లా చేస్తున్నారు. అప్పుడా కంప్యూటరు అడగవలసింది అడిగింది. "ఆయ్ అనవలెను" అని ఆవిడ చదవగానే సభంతా నవ్వింది. నేను వినయంగా తలవంచుకున్నాను. ఆవిడ ముందు మైకులో "ఆయ్" అన్నారు. అది వినిపించుకోలేదు. పాపం, ఒక్క క్షణం ఆలోచించి, ఆయ్ అని ఇంగ్లీషులో రాద్దామని మొదటి అక్షరం ఏ నొక్కారు. రెండో అక్షరం దాకా అది ఆగలేదు.

ప్రింటరు గరగరలాడుతూ మొదటి రిపోర్టు బయటికి తోసింది. ప్రెసిడెంటు గారు అందుకుని, కళ్లజోడు సవరించుకుని చూశారు. పేరు ఖాళీ, మార్కులు ఖాళీ, ర్యాంకు ఖాళీ. "మా మనవరాలికి సున్నా కూడా రాలేదేంటండీ?" అన్నారు. జనం పొట్టలు పట్టుకున్నారు. కుట్టు టీచరు గారు మాత్రం నావైపు తిరిగారు. కళ్లనిండా నీళ్లు. "పుస్తకంలో ఉన్నట్టే చేసేను గదండీ. నేనేం తప్పు చేసేనండీ?" అని అడిగారు. ఎదురుగా పడ్డ అచ్చుతప్పునల్లా పట్టే నేను, దండలోని బంతిపూలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అత్తయ్య వచ్చి మైకు అందుకున్నారు. "తప్పు టీచరు గారిది కాదండీ, నాది. ముందే ఓసారి సరిచూసుకోవాల్సింది, చూసుకోలేదు. క్షమించండి" అని అందరికీ దణ్ణం పెట్టారు. ఆవిడ పక్కనే నేను దండతో సహా కూర్చుని ఉన్నాను. తీసేస్తే అందరూ చూస్తారేమోనని తీయలేదు, ఉంచుకుంటే సిగ్గుతో మెడ కాలిపోతోంది.

టీచర్లందరూ కూర్చుని రిపోర్టులు మళ్లీ చేత్తో రాశారు. కంప్యూటరుని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. మరుసటేడు తలుపు తీసే నాటికి ఆ పదో తరగతి వెళ్లిపోయింది. పుస్తకం రెండోసారి రాసింది అత్తయ్యా, కుట్టు టీచరు గారూ. వాళ్లని చదవనిచ్చి, ఎక్కడ ఆగిపోతే అక్కడ మార్చుకుంటూ వచ్చాడు బావ. అట్ట మీద ఎవరి పేరూ లేదు. లోపల మొదటి వాక్యం అత్తయ్యది: 'ఇందులో ఏ మాటైనా మీకు అర్థం కాకపోతే, ఆ తప్పు మీది కాదండీ.' నా ప్రతులు మాత్రం ఎవరైనా కాపీ తీసుకోవచ్చన్నాం గనక అప్పటికే ఆలమూరు దాకా వెళ్లిపోయాయి. వాటితో పాటు 'ఆయ్ గారు' అన్న నా బిరుదూ వెళ్లింది.

ఈమధ్య కొత్తపేటలో కళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. కంప్యూటరు ముందున్నావిడ నా పేరు చూసి, "పాత అడ్రసే ఉంచమంటారాండీ?" అంది. "ఆయ్" అన్నాను. ఆవిడ వేలు గాల్లో ఆపి, నా మొహంలోకి చూసింది. "వై నొక్కమంటారా, ఏ నొక్కమంటారా అండీ?" అంది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక, "ఆ యేడు పదో తరగతి మేమేనండీ" అంది.

నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. "మరి ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను. "మొన్న మొన్ననేనండీ. మా అమ్మాయి నేర్పింది. అప్పుడే వచ్చుంటే బాగుండేదనుకోండి" అంది, ఏ నిష్ఠూరమూ లేకుండా. ఆవిడ వేలు ఇంకా గాల్లోనే ఉంది, నా జవాబు కోసం.

"వై నొక్కమ్మా" అన్నాను, ఈసారి అర్థమయ్యేట్టుగా.