పలకల కింద ఉంగరాల జుట్టు

నా తల మీద మొలిచింది జుట్టు కాదు, తిరునాళ్ల. ఒక్కో వెంట్రుక ఒక్కో దిక్కుకు బయలుదేరి, దారిలో మనసు మార్చుకుని, గిర్రున తిరిగి పుట్టినచోటికే వచ్చేది. అప్పట్లో మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు సర్కారు. నా తల మీద మాత్రం ఏ సర్కారుకూ పట్టు చిక్కలేదు.

పొద్దున్నే అమ్మ దువ్వెన పట్టుకుందంటే మా వీధిలో కోళ్లు కూడా గూట్లోకి పోయేవి, నా కేకలకు జడిసి. పొడి జుట్టును అమ్మ ఎంత దువ్వితే అది అంత పొంగేది, పొయ్యి మీద పాలలాగా. చెక్క దువ్వెనలు పళ్లన్నీ రాలి, చివరికి మా అవ్వ నోరులాగా తయారయ్యేవి.

ఇట్ల ఉండగా గిద్దలూరు నుంచి మేనత్త వచ్చింది, కూతురి పెళ్లికి పిలవను. పెళ్లికూతురి పక్కన పూలజడ వేసుకుని కూర్చునే తోడు పెళ్లికూతురు ఒకతి కావాల. ఆ పీట కోసం నేను పుట్టకముందు నుంచే కాచుకుని ఉన్నా. అత్త నా తల చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఏందమ్మా ఇది! గొర్రెకైనా ఏడాదికోసారి కత్తెర పడుతుంది గదా! దీనికి పూలజడ యాడ కుట్టాల? మా కనిగిరి ఆడబిడ్డ కూతురుంది, పట్టుదారం లాంటి జుట్టు. పెళ్లినాటికి దీని తల చదునైతే ఇదే కూర్చుంటది, లేకుంటే ఆ పిల్లే."

అవ్వకు రోషం పొడుచుకొచ్చింది. "నేను కన్నదానివి, నాకే షరతులు పెడతావా? చదును చేసి తెస్తా, చూడు."

నాయన పలకల గనిలో మేస్త్రీ. మా ఊళ్లో పలక లేని పని లేదు. కుండకు మూత పలక, గూటికి తలుపు పలక, అప్పడం వంకర తిరిగితే దాని మీద బరువూ పలకే. పెళ్లికి బయలుదేరే ముందురోజు అవ్వ ఆ అప్పడాల శాస్త్రాన్నే నా తలకు పట్టించింది. కుంకుడు రసంతో రుద్ది, ఆముదం పోసి, ఎండలో కాగిన పలక మీద నా జుట్టు పరిచి, పైన ఇంకో పలక మోపింది. నేను చాప మీద వెల్లకిలా పడి ఆకాశాన్ని చూస్తా ఉంటే, ముక్కు మీద ఒక ఈగ వాలి కాపురం పెట్టింది.

పని నుంచి వచ్చిన నాయన గడప దగ్గరే నిలబడిపోయినాడు. "ఏందమ్మా ఇది? మేం మట్టి కింద నుంచి పలక తీస్తాంటే, నువ్వు పలక కింద మనిషిని పెట్టినావే!"

"ఊపిరి గట్టిగా వదలాకురా, మడత పడతది," అని కసిరింది అవ్వ.

సాయంత్రం పలక ఎత్తితే జుట్టు కాదు, తాటాకు! అద్దంలో చూసుకుంటే కనిగిరి పిల్లెవరో మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

పొగబండిలో గిద్దలూరు దాకా అవ్వ నా తలకు తువ్వాలు చుట్టి, పట్టాభిషేకానికి కిరీటం మోసుకుపోతున్నట్టు పట్టుకుంది. పెళ్లి పందిట్లో తువ్వాలు విప్పగానే అత్త మురిసిపోయింది. "మా తల్లే! నువ్వే కూర్చుందువు రా."

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఒక మామ పన్నీరు చల్లినాడు. ఒక్క చుక్క! నడినెత్తిన ఒక వెంట్రుక లేచి నిలబడింది. పక్కదాన్ని లేపింది. చూస్తుండగానే జుట్టంతా నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, పందిరి ఆకులను తాకింది. ఎదురుగా నిలబడ్డ పెద్దాయన తన తలపాగా సర్దుకున్నాడు, పోటీ వచ్చిందని.

"కనిగిరి పిల్లను పిలవండి," అన్నది అత్త. నా గుండె జారి పట్టీల్లో పడింది.

ఆ పిల్లకు పూలజడ కుట్టినారు. పెద్దలకు దండం పెట్టను వంగింది. జడ సర్రున జారి నేల మీద పడింది, పాము కుబుసం విడిచినట్టు. మళ్లీ కుట్టినారు, మళ్లీ జారింది. ఆ నున్నని జుట్టు మీద చీమ కూడా నిలబడలేదు, ఇంక పూలేం నిలబడతాయి? బయట డోళ్లు మొదలైనాయి, పురోహితుడు కేకలేస్తున్నాడు.

అవ్వ ఆ పూలజడ లాక్కుని, మిగిలిన పన్నీరంతా నా నెత్తిన గుమ్మరించింది. ఈసారి దువ్వెన లేదు, పలక లేదు. తడి చేత్తో, వేళ్లతోనే పాయలు తీసి అల్లి, పూలజడ ఆనించింది. నా ఉంగరాలు దాన్ని చంటిబిడ్డ అమ్మ కొంగు పట్టినట్టు పట్టుకున్నాయి. ఆనాటి నుంచి ఈనాటి దాకా నా తలకు జరిగే సేవ అదే: తడి చెయ్యి, చారెడు ఆముదం, దువ్వెనకు శాశ్వతంగా సెలవు. పలకలు అప్పడాల దగ్గరికే పోయినాయి.

"వంగితే నిలబడతదా?" అన్నది అత్త, అనుమానంగా.

వంగినా. నిలబడింది. ఇంక నన్ను ఆపేదెవరు? పెద్దలకు దండం పెట్టినా, పురోహితుడికి పెట్టినా, డోలు వాయించేవాళ్లకు పెట్టినా, పందిరి గుంజకు కూడా పెట్టినా. జడ కదల్లేదు.

"చాల్లేవే, వచ్చి పీట మీద కూర్చో!" అని అరిచింది అత్త.