రెండో క్లారినెట్

బజారు సందులో బుట్టలల్లేవాళ్లు పచ్చి వెదురు చీలుస్తుంటే వచ్చే ఆ పసరు వాసన ముక్కుకి సోకిందంటే చాలు, కొనాల్సిన కూరలు మరిచిపోయి అక్కడే నిలబడిపోతాను. మా తాత అప్పన్న ఊపిరికి ఆ వాసనే ఉండేది మరి.

దొరల కాలంలో రంగూన్ పార్కులో సాయంత్రాలు వాయించే బ్యాండులో తాత క్లారినెట్ వాయించేవాడట. నాకు ఊహ తెలిసేనాటికి దొరలూ లేరు, బ్యాండూ లేదు. బర్మా తలుపులు బిగించుకుని కూర్చుంది, విదేశీ సరుకు ఏదీ వచ్చేది కాదు. క్లారినెట్ మూతికి బిగించే రీడ్, అంటే ఊదితే అదిరే ఆ సన్నని బద్ద, ఎక్కడా దొరక్క తాత వెదురుముక్కని గాజుపెంకుతో గీకి గీకి, నాలుక మీద తడిచేసి చూసుకుంటూ తానే చేసుకునేవాడు. వానాకాలం ఆదివారాల్లో, వీధిలో మొహింగా బండి మీద మరిగే చేపల పులుసు వాసన మా చౌక్తడా పేట మేడమెట్లెక్కి వస్తుంటే, నాయనమ్మ మినపరొట్టె కాలుస్తుంటే, పిల్లలం తాత చుట్టూ చేరేవాళ్లం.

ఆయన వాయించేది ఎప్పుడూ ఒక్కటే. వియన్నా అనే ఊళ్లో, తాత పుట్టకముందే పోయిన ఒక సంగీతకారుడు, కాలివేళ్ల మీద నిలబడి ఆడే నాట్యం కోసం కట్టిన పాట అది. పేరు నోరు తిరగక తాత ఆయన్ని ఆస్ట్రియా దొర అనేవాడు.

"రాజుగారి నాటకసాలలో పిడేలోల్లలో ఒకడిగా సేరినాడే అమ్మీ. కూకుని కూకుని, ఆకరికి నాట్యం బేండుకంతటికీ ఆడే పెద్దయిపోనాడు. బతుకంతా ఆడేవోల్ల కాల్లకేసి సూసే పాటలు కట్టినాడు."

ఆ నాట్యంలో ఒక బొమ్మలకొట్టు ఉందట. కొట్టువాడు తాళం వేసి వెళ్లగానే బొమ్మలన్నీ లేచి ఆడతాయట. మంచూ చలీ ఎరగని మేము ఆ దొరకి కోటు తొడగడం చేతకాక, ఊహలోనే లుంగీ కట్టి, నోట్లో చుట్ట పెట్టేశాం.

పాట మధ్యలో తాత హఠాత్తుగా ఆగి, కాలితో నేల తడుతూ ఊరుకుని, మళ్లీ అందుకునేవాడు. ఆదివారాలు కాలువ అవతలి తాకేటా నుంచి ఊ చిట్ వచ్చేవాడు. అదే బ్యాండులో ఫిడేలు వాయించిన బర్మా స్నేహితుడు. ఆయన ఫిడేలు తీగలు తెగి ఏళ్లయింది, కొత్తవి రానే రావు. తాత ఆగినప్పుడల్లా ఆయన వేళ్లు లుంగీ మీద ఆడేవి. ఆ నిశ్శబ్దం కూడా పాటేననుకుని మేం బొమ్మల్లా కొయ్యబారి నిలబడి, తాత ఊదగానే మళ్లీ గెంతేవాళ్లం.

ఒక యేడు శ్రావణంలో, సైనికుల ఏలుబడి మీద ఊరు తిరగబడింది. వీధుల నిండా జనం, నినాదాలు, ఎక్కడో తుపాకుల చప్పుడు, కొట్లన్నీ మూత. కాలువ వంతెన దాటి ఎవరూ రావడం లేదు. తాకేటాలో కాల్చారని ఒకరంటే లేదని ఒకరు. మా సందు మొగలో కుర్రాళ్లు వెదురు కంచె కట్టి కాపలా కాశారు. వినాయక చవితికి బెల్లం దొరక్క నాయనమ్మ నూకలతో ఉప్పు కుడుములే పెట్టింది.

ఊ చిట్ లేని ఆదివారాలు గడిచాయి. తాత మెట్లవైపు చూస్తూ వాయించేవాడు, ఆగే చోట ఎక్కువసేపు ఆగేవాడు. అంతలో రీడ్ చీలిపోయింది. కంచె దగ్గరికి వెళ్లి కాపలా కుర్రాళ్లని వెదురుముక్క అడిగాడు. "మిమ్మల్ని కాపాడే కంచెనే కోయమంటారా?" అని నవ్వుతూనే వాళ్లు కోసిచ్చారు. నాయనమ్మకి ఒళ్లు మండింది.

"ఊరంతా బియ్యానికి ఏడస్తంటే ఈ ముసిలోడికి ఊదుడొకటి!"

"ఆడొచ్చీసరికి సిద్దంగుండాల కదేటే," అన్నాడు తాత.

ఆమె వెళ్లి గాజుపెంకు వెతికి తెచ్చిచ్చింది.

ఒక పొద్దున్న మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. చిక్కి సగమైన ఊ చిట్, చంకలో గోనెసంచి. అందులోంచి ఫిడేలు తీశాడు. దానికి తీగలున్నాయి! సైకిల్ బ్రేకు తీగ పురి విప్పి, ఆ పోగులు బిగించాడు.

"బయటికెల్లీది లేదు కో అప్పన్నా. ఇంట్లో కూకుని ఇదే పని," అన్నాడు, అన్నకి బర్మా మాట 'కో' కలిపి, తాత దగ్గరే నేర్చిన వచ్చీరాని తెలుగులో. తాత మా అందరి ముందూ గట్టిగా ఏడ్చేశాడు.

ఫిడేలు మొదట పిల్లిలా అరిచింది. తర్వాత, తాత ఆగిన మొదటి చోట, అది లేచింది. అప్పుడు తెలిసింది నాకు: ఇన్నాళ్లూ మేం పాట అనుకున్నది పాట కాదు, దాని కింద పరిచిన తాత వంతు, బ్యాండులో రెండో క్లారినెట్‌కి ఇచ్చేది. అసలు పాట ఊ చిట్ వేళ్లలో దాక్కుని ఉంది. ఎవరమూ గెంతలేదు. నాయనమ్మ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కాపలా కుర్రాళ్లు కర్రలతోనే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి చౌక్తడా! ఎప్పుడో పోయిన మనిషి కట్టిన పాట, మా వంటింటి పక్కన వెదురుముక్కలోంచీ బ్రేకు తీగలోంచీ లేచి నిలబడింది. అంత గొప్పది నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు ఆ మేడ లేదు, అక్కడ అద్దాల భవనం ఉంది. తాతా లేడు, ఊ చిట్టూ లేడు. క్లారినెట్ ఎవరి చేతికి పోయిందో తెలియదు. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఆ పాట వెతికి పెట్టింది. పెద్ద బ్యాండు, తళతళలాడే ఫిడేళ్లు. పిల్లకి ఫిడేళ్లే వినపడ్డాయి, నా చెవి మాత్రం వాటి అడుగున తాతని వెతుక్కుని పట్టుకుంది. సరిగ్గా తాత ఆగే చోట కరెంటు పోయింది, నెట్ పోయింది, పాట ఆగిపోయింది.

"ఏటమ్మా, పాట ఆగిపోతే ఇంకా తాళమేస్తన్నావు?" అంది.

చూసుకుంటే నా కాలు చీకట్లో నేల తడుతూనే ఉంది. ఊ చిట్ వంతు పూర్తి కావాలి కదా.