బావి కథ ఆడిన మా పిరికి అత్త

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా అత్త నిద్రలోనే పోయింది. చాయ్ గ్లాసు పట్టుకుని లేపడానికి వెళ్ళిన నేనే మొదట చూశాను. చావంటే అంత భయపడిన మనిషి, అది వచ్చిన సంగతి తెలియకుండానే వెళ్ళిపోయింది. ఏడుస్తూనే ఆ మాట అనుకుని కొంచెం నిమ్మళపడ్డాను.

దినాల నాడు వచ్చిన పెద్దమనుషులు ఆమెను ధైర్యవంతురాలని పొగిడారు. వాళ్ళ ముందు ఊరుకున్నాను గానీ మీకు చెబుతాను, మా అత్త పిరికిది. బల్లి పడితే భయం, ఉరిమితే భయం. కేసముద్రం స్టేషన్లో రైలు కూత వేస్తే నా కొంగు పట్టుకునేది. ఖాకీ బట్ట కనబడితే చాలు, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకునేది.

"ఏందత్తా, పోస్టు తెచ్చేటాయనంటె గూడ భయమేనా?" అని ఆట పట్టించేదాన్ని.

"భయపడ్డోళ్ళే బతికి కథ చెప్తరు బిడ్డా," అనేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది నైజాం ఏలుబడి చివరి ఏండ్లలో. ఊరూరా సంఘం పెట్టి రైతులు దొరల మీద తిరగబడుతున్న కాలం. మాది జనగామ వైపు కొయ్యబొమ్మలు ఆడించుకుని బతికే కుటుంబం. మామ వేషం కట్టి తెర ముందు నిలబడేవాడు. అత్త తెర వెనుక బొమ్మల దారాలు పట్టుకుని పాడేది. మా ఆయనది మద్దెల. బొమ్మలు అందించడం నా పని.

పురాణాలు ఆడేవాళ్ళం గానీ, జనం అడిగి మరీ ఆడించుకున్నది బావి కథ. నర్సింహులపేట అవతల ఒక ఊళ్ళో జరిగిన కథ అది. ఊరి పేరు రాయను, అక్కడి దొర మనుమలు ఇప్పుడు కనబడితే బాగానే పలకరిస్తారు. ఊరంతా కలిసి తవ్వుకున్న మంచినీళ్ళ బావిని దొర తాత కోటలాంటి తన గడీ గోడలోకి కలుపుకున్నాడు. ఆనాటి నుంచి కడివెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు గడీలో వెట్టిచాకిరి చేయాల్సి వచ్చింది. ఆ గోడ తలుపు మూయనీయకుండా అడ్డం కూర్చున్న ఒక కుమ్మరి అవ్వను ఈడ్చి పారేశారు. ఇదంతా మా అత్తకు వాళ్ళ అత్త చెప్పింది. ఆమె కళ్ళారా చూసిందట.

మా ఆటలో దొర మనిషి, ఊరు బొమ్మలు. మామ పెద్ద తలపాగా చుట్టి, మీసం పెట్టుకుని నిలబడితే ఆయన మోకాలి దగ్గర మూరెడు కుమ్మరి అవ్వ మొత్తుకునేది. అది చూస్తేనే జనానికి సగం కథ అర్థమయ్యేది. అత్తకు బొమ్మ పట్టుకున్నా వణుకే. ఆమె చేయి వణికితే బొమ్మ వణికేది. అవ్వ ఏడుస్తోందనుకుని ముందు కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు.

మాకో కట్టుబాటు ఉండేది. బొమ్మ మొదటి పాట ఎత్తుకున్నాక, మంగళం పాడేదాకా ఆట ఆపకూడదు. వాన వచ్చినా, చావు కబురు వచ్చినా అంతే. సగంలో ఆపితే బొమ్మ అలుగుతుందని, అలిగిన బొమ్మ ఆడించిన ఇంటిని నిలబడనీయదని నమ్మకం.

బావి కథ సంగతి గడీకి చేరింది. ఒక మధ్యాహ్నం, ఆ ఊరికి దగ్గర్లో మేము దిగిన గుడిసె ముందుకు గడీ జవాను వచ్చాడు.

"దొర మీ ఆట చూస్తడట. రేపు పొద్దుగూకకముందే రావాలె."

"పురాణం ఆడుతం," అన్నాడు మామ.

"బావి కథనే ఆడుమన్నడు," అని జవాను వెళ్ళిపోయాడు.

సంఘపోళ్ళకు అన్నం పెట్టారని దొర తుపాకీ మనుషులు పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టిన రోజులవి. మేము పారిపోతే మాకు చోటిచ్చిన వాడ మీద పడతారు. పోతే మేము తిరిగి వస్తామో రామో తెలియదు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"కథ మార్సుదాం," అంది అత్త. "దొర తాత బావిని ఊరికి దానం జేసిండని పాడుత. మనం బతకాలె."

"సరే, నువ్వు గట్లనే పాడు. నేను తలుపు తెరుస్త," అన్నాడు మామ. అత్త ఆ కొత్త మాటలు కూర్చున్నా లేచినా వల్లె వేసుకుంటూనే ఉంది.

గడీ వాకిట్లో దొర మంచం మీద కూర్చున్నాడు. చుట్టూ తుపాకులు. వెట్టివాళ్ళందరినీ తెచ్చి వెనుక కూర్చోబెట్టారు. మా ఎడమ పక్కనే ఆ బావి ఉంది. అన్ని ఊళ్ళలో దాని కథ ఆడాం గానీ దాన్ని చూడటం నాకదే మొదలు.

కుమ్మరి అవ్వ బొమ్మ అందిస్తూ అత్త చేయి తాకాను. చన్నీళ్ళలో నానినట్టుంది. ఆమె నోరు తెరిచింది. కొత్త మాట రాలేదు. "మా తాతలు తవ్విన బావికి గోడ నువ్వెందుకు కడితివి దొరా" అని పాత పాటే వచ్చింది. నేను వీపు మీద గిల్లాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. తప్పు జరుగుతోందని ఆమెకూ తెలుసు. కానీ భయంలో ఏనాడో నేర్చింది నోటికొస్తుంది గానీ, నిన్న అల్లుకున్నది వస్తుందా? ఆ పాటను ఆమె ఎప్పుడూ వణుకుతూనే పాడింది. వణుకు పుట్టేసరికి అదే వచ్చింది.

తెర ముందు మామ సర్దబోయాడు. "గోడ గాదవ్వా, తలుపు తీసే ఉన్నది," అన్నాడు. తర్వాతి చరణం కూడా పాతదే వచ్చింది. తెర సందులోంచి నాకు ఆయన వీపు మాత్రమే కనబడుతోంది. తర్వాత తలపాగా సరిచేసుకుని, ఎప్పటిలాగే దొరలా గద్దించి తలుపు మూశాడు. "నాకు తెల్వదు, పాడింది గీమె" అని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ఆమె ఏ కథ పాడితే ఆ కథే ఆడాడు.

దొర మంచం మీంచి లేచాడు.

"మా తాత వేషం నీకు మంచిగ కుదిరిందిరా," అన్నాడు.

తుపాకీ మనుషులు మామను వేషంతోనే లోపలికి ఈడ్చుకుపోయారు. మా ఆయన మద్దెల వదిలి లేవబోతే తుపాకి మడమతో కొట్టారు. అత్త మాత్రం తెర వెనుక పాడుతూనే ఉంది. మంగళం ఇంకా రాలేదు. చేతుల్లో దారాలున్నాయి. ఆమె మంగళం ముగించేసరికి లోపలి తలుపు మూసుకుంది. మమ్మల్ని బయటికి గెంటేశారు. మామ మళ్ళీ కనబడలేదు. శవమైనా ఇవ్వలేదు.

కొన్నాళ్ళకు దొర పట్నం పారిపోయాడు. ఆడవాళ్ళు గడీ తలుపు పగలగొట్టి బావిలో చేదలు వేశారు. దొర ముందే పాడిన మనిషని అందరూ అత్తను మెచ్చుకున్నారు. "నేను ధైర్యం జెయ్యలే. మార్సిన మాట మర్సిపోయిన," అనేది. ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను, పక్కనే ఉన్నాను కదా.

ఒకసారి పప్పు రుబ్బుతూ ఉన్నట్టుండి అంది. "పాట తప్పిందని గాదు బిడ్డా. ఒక్కపాలి దండం పెట్టి అడిగితె మీ మామను ఇడుస్తుండెనేమో. మంగళం మంగళం అనుకుంట కూసున్న."

నేను పప్పులో నీళ్ళు పోశాను. ఆ తర్వాత కూడా ఆమె బావి కథ ఆడింది. వణుకుతూనే నాకు దారం పట్టడం నేర్పింది, గొంతెత్తడం నేర్పింది. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది ఆ విద్యే.

పోయినేడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక బడిలో పిల్లలు బావి కథ కట్టారు. బొమ్మలుగా చిన్నపిల్లలు, దొరగా తొమ్మిదో తరగతి అమ్మాయి. బొగ్గుతో మీసం, జారిపోతున్న తలపాగా. అత్తను ముందు వరసలో కూర్చోబెట్టారు. తన కథను తెర ఇవతల కూర్చుని చూడటం ఆమెకదే మొదటిసారి.

దొర అట్ట తలుపు మూయబోతుండగా అత్త లేచింది. కొంగు పట్టుకుని లాగినా ఆగలేదు. ఆ అమ్మాయి ముందు నేల మీద కూర్చుని చేతులు జోడించింది.

"ఇడిచిపెట్టు దొరా. మా ఇంటాయన ఏం జెయ్యలే. పాట తప్పింది నేను."

ఎవరో పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు. సారు కుర్చీలోంచి లేచాడు. ఆ అమ్మాయి బిక్కముఖం వేసుకుని మా వైపు చూసింది. తర్వాత ఒక చేత్తో తలపాగా పట్టుకుని అత్త మీదికి వంగింది.

"ఇడిచిపెట్టిన అవ్వా. ఇంటికి తీస్కపో."

అత్త లేచి కొంగు సర్దుకుంది. మామ ఇప్పుడే బయటికి వస్తాడన్నట్టు ఆ అట్ట తలుపు వైపు తిరిగి నిలబడింది.